ఆ గాయని ఎడమ చెవి

వినికిడి మిషన్ కోసం చెవిలో పేస్టు నింపి అచ్చు తీసేటప్పుడు మనిషి కాసేపు కదలకుండా కూర్చోవాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు, దవడ ఆడించకూడదు. కెనడాలో, వాంకూవర్ పక్కనే ఉన్న బర్నబీలో వినికిడి పరీక్షల క్లినిక్‌లో పనిచేసినన్నాళ్లూ ఈ మాటే చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చెప్పాల్సింది వినపడనివాళ్లకు కాబట్టి ఒకటికి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చేది.

నేను డాక్టర్ని కాను, ఆడియాలజిస్టును. చెవి ఎంతవరకు వింటోందో కొలవడం, మిషన్లు అమర్చడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపడం, అంతవరకే నా పని. మనవాళ్ల ఫంక్షన్లలో అందరూ "చెవుల డాక్టరమ్మ" అనేవారు. మొదట్లో దిద్దేదాన్ని, తర్వాత మానేశాను. ఈ చదువు కోసం ఇక్కడికి వస్తున్న మన పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను కలిసి, "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదైనా ఉందా?" అని అడుగుతున్నారు. ఒకటుంది. ఆ మనిషే తన చెవి సంగతి ఒక ఇంటర్వ్యూలో లోకానికంతా చెప్పేసింది కాబట్టి ఇప్పుడు నేను నోరు విప్పవచ్చు. అయినా పేర్లు రాయను. మీరు ఊహించి అడిగినా ఔననను, కాదనను.

ఆ అమ్మాయి మా క్లినిక్‌కి మొదటిసారి వచ్చింది తన కోసం కాదు, వాళ్ల అమ్మమ్మ కోసం. వాళ్లది దక్షిణ అమెరికాలోని కొలంబియా. అప్పటికి ఈ పిల్ల హైస్కూలు చివరి ఏడాదిలో ఉంది. తల్లి ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లలను చూసుకుంటూ, మతిమరుపు వచ్చిన తన తల్లిని కనిపెట్టుకుని ఉండేది. ఆ పెద్దావిడకు స్పానిష్ తప్ప మరో ముక్క రాదు. అందుకని మనవరాలు దుబాసీగా వచ్చింది.

పెద్దావిడ తన చెవిలో పేస్టు పోయనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని తోసేసింది. అప్పుడా పిల్ల ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని చిన్నగా పాట ఎత్తుకుంది. పెద్దావిడ చెయ్యి వదిలేసింది. నేను గబగబా పేస్టు నింపాను. అంతా బాగుంది అనుకుంటూ ఉండగా పెద్దావిడకు పాట గుర్తొచ్చింది కాబోలు, ఆవిడా గొంతు కలిపింది. దవడ ఆడింది, అచ్చు పాడైపోయింది. మళ్లీ పోశాం. మళ్లీ పాట, మళ్లీ గొంతు కలపడం. మూడోసారి "నువ్వు మాటలు లేకుండా కూనిరాగం తియ్యి తల్లీ" అన్నాను. అప్పుడు కుదిరింది.

ఆ కాసేపట్లోనే పెద్దావిడ మనవరాలిని నాలుగైదు పేర్లతో పిలిచింది. ఈ పిల్ల ప్రతి పేరుకీ పలికింది. మా రిసెప్షనిస్టు అపాయింట్‌మెంటు రాసుకుంటూ, "ఇంతకీ ఇందులో నీ పేరేదమ్మా?" అని అడిగితే, "అమ్మమ్మ ఇంకా ఆ పేరు దాకా రాలేదు" అంది నవ్వుతూ.

మా రిసెప్షనిస్టు గురించి చెప్పాలి. ఫిలిప్పీన్స్ ఆవిడ, నాకంటే కాస్త చిన్న. ఎన్నిసార్లు కాదన్నా నన్ను "డాక్" అనే పిలిచేది. వాళ్ల భాషలో చెంచాకీ చెప్పులకీ కూడా స్పానిష్ మాటలే ఉంటాయట. ఆ నాలుగు మాటలతోనే పెద్దావిడతో గంటలసేపు కబుర్లు చెప్పేది. ఆవిడేం అన్నదో నాకు తెలిసేది కాదు, పెద్దావిడకు ఎంత వినపడేదో దేవుడికే తెలియాలి. ఇద్దరూ మాత్రం పడీపడీ నవ్వేవారు. (మేమంతా మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

ఆ తర్వాతి సంవత్సరం ఒకరోజు మా రిసెప్షనిస్టు ఫోన్ పట్టుకుని పరీక్ష గది తలుపు తోసుకుని వచ్చింది. లోపల పేషెంటు ఉన్నాడు. నేను కసురుకున్నాను. "డాక్, ఇదొక్కటీ చూడు" అని తెర నా మొహం ముందు పెట్టింది. అపార్ట్‌మెంట్ కింద బట్టలుతికే గది. బట్టలారబెట్టే డ్రయర్ దడదడమని తిరుగుతోంది. దాని మీద గిటారు పట్టుకుని కూర్చుని మన దుబాసీ పిల్ల పాడుతోంది. ఇంట్లో అమ్మమ్మ నిద్ర చెడుతుందని కిందికి వెళ్లి పాడుకునేదట. ఆ డ్రయర్ చప్పుడే తాళం. తనను రోజుకో పేరుతో పిలిచే అమ్మమ్మకు, ఆ రోజు తనెవరో తెలుసుకుని, ఆ మనిషిలాగే బదులు చెప్పే మనవరాలి పాట అది. ఒకరోజు చెల్లెలు, ఒకరోజు చనిపోయిన స్నేహితురాలు, ఒకరోజు ఎవరో దుకాణం మనిషి. ఆ పాట బొగోటాలో విన్నారు, మెక్సికోలో విన్నారు, స్పెయిన్‌లో విన్నారు. స్పానిష్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా విన్నారు. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లున్నవాళ్లు ఏ భాషలోనైనా ఉంటారు కదా.

ఆ పిల్ల ఎదగడం నేను టీవీల్లో కన్నా మా వెయిటింగ్ రూములోనే ఎక్కువ చూశాను. మొదట బస్సు దిగి, వానలో తడిసి, మామూలు ఇయర్ ప్లగ్‌ల కోసం వచ్చింది. తర్వాత మయామీ నుంచి ఎవరో రికార్డు కంపెనీవాళ్లు పిలిచారని, స్టేజి మీద పాడేవాళ్లు చెవుల్లో పెట్టుకునే మానిటర్లకు అచ్చులు కావాలని వచ్చింది. గాయకులు తమ పాట, వెనక వాయిద్యాలు వాటిలోనే వింటారు. ఆ తర్వాతి ఏడాది బంగారు రంగు మెరుపులతో చేయించమంది. ఆ పై ఏడాది మా వెయిటింగ్ రూములో, చెవిలో గులిమి తీయించుకోవడానికి వచ్చిన చైనా తాతగారి పక్కన, గుమ్మమంత బాడీగార్డు ఒకడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తాతగారు అతనికి బిస్కెట్ ఇచ్చారు. పెద్ద అవార్డు ఒకటి వచ్చిన వారంలోనే వాళ్ల అమ్మమ్మ మిషన్‌కు బ్యాటరీలు కొనడానికి తనే స్వయంగా వచ్చింది. క్లినిక్ గోడ మీద ఆమె సంతకం చేసిన ఫోటో పెడదామని మా రిసెప్షనిస్టు ఎంత బతిమాలినా నేను ఒప్పుకోలేదు. మా దగ్గరికి వస్తుందన్న సంగతే మేం బయటికి చెప్పకూడదు. ఆవిడ ఆ ఫోటోను తన సొరుగులో పెట్టుకుని లంచ్ టైములో చూసుకునేది.

వచ్చినప్పుడల్లా వినికిడి పరీక్ష చేసేదాన్ని. ఎడమ చెవి ఏటికేడాది కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఎందుకని అడిగితే చెప్పింది. స్టేజి మీద ఆమె కుడి చెవిలోని మానిటర్ తీసేస్తుంది. ఆ హోరులో తన గొంతు తనకు వినపడాలని ఎడమ చెవిలోది ఇంకా పెంచమంటుంది.

"అలా తియ్యకమ్మా. రెండూ పెట్టుకుంటే సౌండ్ తక్కువ పెట్టుకున్నా సరిపోతుంది" అన్నాను.

"అంతమంది నా పాట నాకే పాడి వినిపిస్తుంటే, ఆ చెవి మూసుకోమంటారా?" అంది.

ప్రతిసారీ నేను చెప్పేదాన్ని, ప్రతిసారీ ఆమె నవ్వి నన్ను కౌగిలించుకుని వెళ్లేది.

ఇంత పేరొచ్చినా వాళ్లమ్మ మాత్రం కూతుర్ని పెద్ద స్టేజి మీద ఒక్కసారీ చూడలేదు. చూపించాలని ఆ పిల్ల టిక్కెట్లు పంపేది, అమ్మమ్మను చూసుకోవడానికి మనిషిని పెడతాననేది. అమ్మమ్మ తన కూతురి చేతి ముద్ద తప్ప ఇంకెవరిదీ ముట్టేది కాదు. కూతురు ఒక్కపూట కనపడకపోతే తలుపు దగ్గరే నిలబడిపోయేది. విమానమెక్కి ఎక్కడికో వెళ్లి రెండు రోజులుండటం ఆవిడకు కుదిరే పని కాదు. అందుకే వాంకూవర్‌లోని పెద్ద అరీనాలో షో ఖాయమైందని తెలిసినప్పుడు, ఆవిడ మా క్లినిక్‌కి వచ్చి మరీ చెప్పింది. పక్క ఫ్లాటు ఆవిడ నెల్లాళ్ల ముందునుంచే రోజూ వచ్చి పెద్దావిడకు అలవాటవుతోందట. "మూడు గంటలు. అంతే. మూడు గంటలు నేను బయటుంటాను" అని వేళ్లతో చూపించింది.

షో రోజు పొద్దున నేను క్లినిక్ తలుపు తెరిచేసరికి తల్లీకూతుళ్లు మెట్ల మీద ఉన్నారు. పిల్ల ముందు రాత్రి హోటల్లో కాకుండా అమ్మ దగ్గర తన పాత గదిలో పడుకుంది. లేచేసరికి ఎడమ చెవి లేదు. ఆమె ఆ మాటే అంది, "చెవి లేదు" అని. తల్లి అప్పటికే జుట్టు సెట్ చేయించుకుని ఉంది. వాన పడకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుంది.

పరీక్ష చేశాను. కుడి చెవి బాగుంది. ఎడమ చెవిలో నేను పంపిన శబ్దం ఎంత పెంచినా ఆమె చేతిలోని బటన్ నొక్కలేదు. అద్దం అవతల కళ్లు మూసుకుని శ్రద్ధగా ఎదురుచూస్తూ కూర్చుంది. నేను ఇవతల పెంచుతూనే ఉన్నాను. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇలా ఉన్నట్టుండి వినికిడి పడిపోతే గంటలు కూడా లెక్కే. మేం కేసులు పంపే ఈఎన్‌టీ డాక్టరుగారు మన రాజమండ్రి ఆయన. ఫోన్ చేశాను.

"ఇంకేం ఆలోచించకండమ్మా, ఇప్పుడే పంపించెయ్యండి. స్టెరాయిడ్ ఈ రోజే స్టార్ట్ చేసేద్దాం" అన్నారు.

"సాయంత్రం ఆ అమ్మాయికి షో ఉందండీ. పాడాలి."

"పాడటమా? విరిగిన కాలితో పరుగు పందేనికి వెళ్తానంటే వెళ్లమంటామా? ఆ సౌండ్‌లో నిలబడొద్దని గట్టిగా చెప్పండి. నేనూ చెప్తాను. తిరిగొస్తుందని మాత్రం ప్రామిస్ చెయ్యకండి. కొందరికి వస్తుంది, కొందరికి రాదు."

ఈలోపు ఆమె మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని చెప్పను. చెమటలు పట్టి ఉన్నాడు. "ఈ ఒక్క సాయంత్రం గడవనివ్వండి. రేపు తెల్లారేసరికి నేనే హాస్పిటల్‌కి తీసుకెళ్తాను. ఊళ్ల నుంచి జనం వచ్చేశారు" అన్నాడు.

పిల్ల అతన్ని చూడలేదు, నన్నే చూసింది. "మా అమ్మ నన్ను చూడలేదు. మీకు తెలుసు కదా" అంది.

తెలుసు. అయినా చెప్పాను. "ఈ సాయంత్రం నువ్వు అక్కడ నిలబడకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు."

తల్లికి ఇంగ్లీషు తక్కువే. మా మొహాలు చూసి అర్థం చేసుకుంది. నా దగ్గరికి వచ్చి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, "మీ కూతురైతే?" అంది.

"గడప దాటనివ్వను" అన్నాను.

ఆవిడ తలూపింది. కూతురి కోటు తీసి తొడిగింది, చిన్నపిల్లకు తొడిగినట్టు. స్పానిష్‌లో ఏదో చెప్పింది. పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. తర్వాత మా రిసెప్షనిస్టు ఆ మాట అర్థం అడిగి తెలుసుకుంది. "నేను నిన్ను వంటింట్లో నుంచి విన్నాను. నాకది చాలు" అన్నదట.

షో రద్దయింది. ఆరోగ్య కారణాలు అని ఒక ముక్క ప్రకటించారు. ఆమె చెవి సంగతి ఎవరికీ చెప్పవద్దంది. పాడేవాళ్లకు చెవి పోయిందంటే ఇక పాట ఏముందనుకుంటారని భయం. దాంతో జనం నోటికి అడ్డు లేకుండా పోయింది. తాగి పడిపోయిందన్నారు, పొగరన్నారు, కడుపన్నారు. మా రిసెప్షనిస్టు కూతురు ఆ షో కోసం పార్ట్‌టైమ్ డబ్బులు దాచుకుని టిక్కెట్ కొనుక్కుంది. ఆ పిల్ల ఇంట్లో ఏడుస్తూ మన గాయనిని నానా మాటలూ అంటుంటే, ఈవిడ ఏమీ అనలేక ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించింది.

నా వంతు మన ఉగాది ఫంక్షన్లో వచ్చింది. మన పిల్లలు స్టేజి మీద ఆమె పాటకే డాన్స్ చేస్తున్నారు. నా పక్కన కూర్చున్నావిడ పులిహోర ప్లేటు పట్టుకుని, "ఈ పాట పాడిందే, తెలుసా అండీ, మొన్న ఫుల్లుగా డ్రింక్ చేసేసి షో క్యాన్సిల్ చేసిందట. మా వాడు రిఫండ్ అప్లై చేశాడు, ఇంతవరకు రాలేదు. చిన్న వయసులో అంత డబ్బు చూస్తే అంతేనండీ" అంది.

"ఏమో అండీ. ఒంట్లో బాగాలేదేమో" అన్నాను.

"భలేవారే, మీరు మరీ అమాయకులండీ!" అని నవ్వింది.

నా పులిహోర ప్లేటు కుర్చీ కింద పెట్టేశాను. ఉద్యోగంలో నోరు మూసుకోవడం ఎలాగో కాలేజీలో నేర్పుతారు. మూసుకున్న నోటితో భోజనం ఎలా చేయాలో ఎవరూ నేర్పరు.

వైద్యం జరగాల్సినట్టే జరిగింది. మాత్రలు, తర్వాత చెవిలోకి ఇంజెక్షన్లు. మంద్రంగా ఉండే శబ్దాలు కొంత తిరిగొచ్చాయి. పై శబ్దాలు రాలేదు. వాటి బదులు ఈలలాంటి మోత ఒకటి వచ్చి చెవిలో తిష్ట వేసింది. ఆమె కొన్నాళ్లు ఆగి, మళ్లీ పాడటం మొదలుపెట్టింది. ఒక్క చెవితోనే అంతకుముందుకన్నా పెద్ద పేరు తెచ్చుకుంది. ఆసియా దేశాల్లో కూడా ఆమె పాటలకు జనం తండోపతండాలుగా వచ్చేవారట. మా ఊరు రావడం కుదరక చెవుల పని లాస్ ఏంజెలెస్‌లో ఎవరికో అప్పగించారు. మాకు ఆ వివరాలు పేపర్లలోనే తెలిసేవి.

వాంకూవర్ షో మళ్లీ పెట్టాలని రెండుసార్లు అనుకున్నారు. ఒకసారి అరీనా దొరకలేదు, ఒకసారి టూరు మారింది. ఈలోపు ఒక చలికాలం పొద్దున, పెద్దావిడకు స్నానం చేయించడానికి నీళ్లు పడుతూ, ఆ తల్లి గుండె ఆగి పోయింది. ఆవిడకేమీ పెద్ద వయసు కాదు. పోవాల్సిన వరసలో ముందున్న పెద్దావిడ, పక్కగదిలో కూర్చుని కూతుర్ని పిలుస్తూనే ఉందట.

చర్చిలో అంత్యక్రియలకు మా రిసెప్షనిస్టూ నేనూ వెళ్లాం. పిల్ల విమానం దిగి నేరుగా వచ్చింది. నేను దగ్గరికి వెళ్లి, ముందునుంచీ కూడబెట్టుకున్న నాలుగు మాటలూ చెప్పాను. ఆమె ఎటో చూస్తూ ఉండిపోయింది. పలకలేదేమని అనుకునేలోపు తెలిసింది, నేను ఆమె ఎడమ పక్క నిలబడ్డాను. జీవితమంతా చెవులతో పనిచేసినదాన్ని, ఆ ఒక్క చెవీ మర్చిపోయాను. మళ్లీ కుడివైపు వెళ్లి అవే మాటలు చెప్పలేకపోయాను. చెయ్యి నొక్కి వచ్చేశాను.

నేను రిటైరైన తర్వాత వాంకూవర్ షో చివరికి జరిగింది. మా ఇద్దరికీ టిక్కెట్లు వచ్చాయి. మధ్యాహ్నం రిహార్సల్‌కే రమ్మని కబురు. వెళ్లాం. ఖాళీ అరీనాలో కుర్చీలు వరసలుగా పైకి వెళ్లిపోతూ ఉన్నాయి. ఆమె స్టేజి దిగి వచ్చి మమ్మల్ని కౌగిలించుకుని, నన్ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మమ్మ ఇప్పుడు కేర్ హోమ్‌లో ఉందని, తనను అమ్మ పేరుతో పిలుస్తోందని చెప్పింది.

తర్వాత అడిగింది. "ఒకటి చెప్పండి. ఆ రోజు నేను పాడి ఉంటే, చెవి ఇంకా పాడయ్యేదా?"

నేను ఆలోచించాను. ఆ చెవి చార్టులు నాకు కంఠతా వచ్చు. వినికిడి ఎంత లోతుకు పడిపోయిందో, ఎంత మాత్రం తిరిగొచ్చిందో తెలుసు. అలాంటి కేసులు ఎన్నో చూశాను. నిజాయితీగానే చెప్పాను. "ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ అప్పటికే పోయింది చాలా. పాడినా పెద్ద తేడా ఉండేది కాదేమో."

ఆమె తలూపింది. "అవును, లాస్ ఏంజెలెస్‌లో డాక్టరు కూడా అదే అన్నారు" అంది. అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి మెల్లగా వదిలింది. ఎవరో పిలిచారు. "షో తప్పకుండా చూసి వెళ్లండి" అని లేచి వెళ్లింది.

చూశాం. డ్రయర్ చప్పుడు లేకుండా, ఒక్క గిటారుతో ఆ పాత పాట పాడింది. జనమంతా అందుకున్నారు. చెవుల్లోంచి మానిటర్లు తీయలేదు. జనం పాట వినే కుడి చెవి కూడా మూసుకుని, రెండూ పెట్టుకునే పాడింది. నేను ఇన్నేళ్లూ ఆమెను బతిమాలింది దానికే. చూసి సంతోషం కలగలేదు.

తిరుగు ప్రయాణంలో స్కైట్రెయిన్ అనే మెట్రో రైల్లో జనం ఆ పాటలే పాడుకుంటున్నారు. మా రిసెప్షనిస్టు నావైపు తిరిగి, "ఇంకా పాడయ్యేది అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది డాక్?" అంది.

"అది నిజం కాదు కదా."

"నిజం లాస్ ఏంజెలెస్‌లోనే దొరికింది కదా ఆ పిల్లకి. నీ దగ్గరికి దేనికొచ్చింది మరి?"

ఆ మూడు గంటలు ఊరికే పోలేదని, అమ్మకు తను బాకీ పడలేదని వినాలనుకుంది ఆ పిల్ల. షో ఆపమన్న నా సలహా తప్పు కాదు. మళ్లీ అలాంటి పొద్దు వస్తే మళ్లీ అదే చెప్తాను, మీరూ అదే చెప్పండి. కానీ ఆ మధ్యాహ్నం నన్ను అడిగింది పేషెంటు కాదు. నేనే ఆడియాలజిస్టుగా జవాబిచ్చాను, అదీ రిటైరయ్యాక.

ఆవిడ తన స్టేషన్ రాగానే నా భుజం తట్టి దిగిపోయింది. నేను ఇంకా కొంతదూరం వెళ్లాలి. కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన ఆ ఒక్క మాటనూ మనసులో ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి అనుకుని చూశాను. రెండు భాషల్లోనూ ఎంతో తేలిగ్గా వచ్చింది.